లైన్లో నా బిందె

రేసుకు పోతున్నానని నేను నల్లా దగ్గర అన్న మాట చెవిన పడేసరికి మా బావ బాలనర్సయ్య సగం గీసిన గడ్డంతోనే వచ్చి నా ఖోలీ ముందు నిలబడ్డాడు. ముంబై కామాటిపురలోని మా తెలుగువాళ్ళ చాళ్‌లో గదిని ఖోలీ అనే అంటాం. ఇంటికొక ఖోలీ, అన్ని తలుపులకూ కలిపి ఒక పొడుగాటి వరండా, వరండా చివర అందరికీ ఒకటే నీళ్ళ నల్లా. అక్కడ ఒకరు తుమ్మితే ఇక్కడ ఇంకొకరు ముక్కు తుడుచుకుంటారు.

"శాంతా, నీకు గూడ అంటుకున్నదా ఆ రోగం?" అన్నాడు బావ.

ఆయన్ని తప్పు పట్టలేను. మా గల్లీలో రేసంటే గుర్రాలే. మహాలక్ష్మి రేసుకోర్సు మాకు ఎంతో దూరం కాదు. నా మొగుడు బుచ్చయ్య ఆదివారం వస్తే చాలు, పెళ్ళికొడుకులా తల దువ్వుకుని అక్కడికి పోయేవాడు, సాయంత్రం తల వేలాడేసుకుని తిరిగొచ్చేవాడు. చివరికి ఆస్పత్రి మంచం మీద కూడా ఏదో గుర్రం పేరు కలవరించాడు కానీ నా పేరు కాదు. ఆయన బావకు సొంత తమ్ముడు. అందుకని మా రెండు ఇళ్ళలోనూ రేసనే మాట తిట్టు కింద లెక్క.

"గుర్రాలు కాదు బావా. మోటర్ సైకిళ్ళు" అన్నాను.

"వాటి మీద గూడ పైసలు కాస్తరా?"

"కాయరు. చూస్తరు."

"ఏం చూస్తరు?"

"ఎవడు ముందుగాల వస్తడో చూస్తరు."

"గంత దానికి మలేషియా దాక ఎందుకు? పోయి ఫోరస్ రోడ్డు మీద నిలబడు. రోజూ గదే నడుస్తది."

వరండాలో ఉన్న ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. మా బావ నోటికి నేనెప్పుడూ దణ్ణం పెడతాను.

ఇంతకీ ఈ పిచ్చి నాకెలా పట్టిందంటే, నేను నాగ్‌పాడాలో రమేష్ గ్యారేజీలో బండ్లకు సీటు కవర్లు కుడతాను. రమేష్‌ది మహబూబ్‌నగర్ జిల్లా. కూలి పనికని వచ్చి, మెకానిక్ అయి, సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. అతని భార్య శిరీష గల్లా చూసుకుంటుంది. షెడ్డులో గోడకు ఒక టీవీ. ఆదివారం పని ఉన్నప్పుడల్లా అందులో బండ్ల రేసు నడుస్తూ ఉండేది. మొదట్లో నాకు ఆ చప్పుడు చిరాకు. రేసనే మాటంటేనే ఒళ్ళు మంట. తల వంచుకుని నా కుట్టు నేను కుట్టుకునేదాన్ని.

ఒక రోజు తల ఎత్తాను. నీలం బండి మీద ఒక పిల్లాడు మలుపులో మోకాలు నేలకు రాసుకుంటూ పోతున్నాడు. చూస్తుండగానే బండి ఒకవైపు, వాడు ఒకవైపు దొర్లిపోయారు. చచ్చాడనే అనుకున్నాను. దుమ్ము ఇంకా అణగకముందే వాడు లేచి, తన ఒంటి వైపు కూడా చూసుకోకుండా బండి దగ్గరికి పరిగెత్తాడు. దాన్ని లేపాడు, ఎక్కాడు, పోయాడు. అందరికన్నా వెనక, ఒక్కడే, అయినా పోతూనే ఉన్నాడు. సూది చేతిలోనే ఉండిపోయింది నాకు.

వాడి పేరు నా నోరు తిరగదు. నీలం పిల్లగాడు అంటాను. వాడు గెలవగా నేనెప్పుడూ చూడలేదు. నా మొగుడు జీవితమంతా వేరేవాళ్ళ గుర్రాల మీద ఆశ పెట్టుకున్నాడు, తను ఏ గుర్రమూ ఎక్కలేదు, ఎక్కడా పడలేదు. వీడు ఎక్కుతాడు, పడతాడు, లేస్తాడు. నాకు వీడంటే ప్రాణం. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ ఏడు రమేషూ శిరీషా మలేషియా పోయి రేసు చూసి రావాలని అనుకున్నారు. "నువ్వు గూడ వస్తవా శాంతక్కా?" అని రమేష్ తమాషాకు అడిగాడు. నేను కత్తెర కింద పెట్టి "వస్త" అన్నాను. వాడు నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. పాస్‌పోర్టుకు ఫోటో దిగినప్పుడు కూడా నేను నవ్వలేదు.

ఇవన్నీ బావకు చెప్తే ఏం ఎక్కుతుంది? టిక్కెట్టు చూపించమన్నాడు. శిరీష నా ఫోనులో పెట్టిన టిక్కెట్టు చూపించాను. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"సీటు నంబరేది?"

"సీటు లేదు. జనరల్. గడ్డి దిబ్బ ఉంటది. ముందుగాల పోయినోళ్ళు మంచి జాగల కూసుంటరు."

"వారెవ్వా! దునియాకంత సీట్లు కుట్టినవు, నీకు మాత్రం సీటు లేదు. ఊర్లకు పోతె జనరల్ డబ్బా, ఫారిన్ పోయినా జనరలేనా మన కర్మ?"

మళ్ళీ నవ్వులు. ఈసారి బావ మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి, "శాంతా, మాట చెప్త, కోపం తెచ్చుకోకు" అన్నాడు. ఆ మాట అన్నాడంటే కోపం తెచ్చేదే చెప్పబోతున్నాడన్నమాట.

మా చాళ్ కూలగొట్టి ఎత్తు బిల్డింగు కడతారని చాలా కాలంగా చెప్పుకుంటున్నారు. ఖోలీల్లో ఎవరెవరు ఉంటున్నారో రాసుకోవడానికి మనుషులు వస్తారట. ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. తాళం వేసి కనపడితే ఖాళీ ఖోలీ అని రాసుకుపోతారని గల్లీ అంతా భయం. మా మామ కష్టంతో వచ్చినవి రెండు ఖోలీలు. ఒకటి బావది, ఒకటి మాది. బావ ఖోలీలో ఆయన, మా తోడికోడలు, కొడుకు మంగేష్, కోడలు సపన, వాళ్ళ పిల్లలు. రాత్రి ఒకరు కాళ్ళు చాపితే ఇంకొకరి తలకు తగులుతాయి. నా ఖోలీలో నేనొక్కదాన్ని. నా ఖోలీ మీద బావ కన్ను ఇవాళ పడింది కాదు, ఆయన అవసరం నాకు తెలియనిదీ కాదు.

"నువ్వు లేనప్పుడు ఆళ్ళు వచ్చి తాళం చూస్తే, నన్ను అడుగుతరు. నేనైతె అబద్ధం చెప్ప. మా నాయన ఖోలీ, ఎవరు లేరు, నా కొడుకు ఉంటడు అని చెప్త" అన్నాడు.

"అంటే నన్ను పోవద్దంటున్నవు."

"పో అనే అంటున్న గద. నీ ఇష్టం. వచ్చినంక మా దగ్గరనే ఇంత తిని, ఓ మూల పండు. ఒక్క పానానికి ఎంత జాగ గావాలె?"

పెళ్ళి చీరతో ఆ గడప లోపలికి వచ్చినదాన్ని. ఆ గదిలోనే మొగుడికి పథ్యం వండాను, ఆ గదిలోంచే అతన్ని కాటికి పంపించాను. ఒక మనిషికి ఎంత చోటు కావాలో ఇప్పుడు ఈయన కొలిచి చెప్తాడు! రేసుకు పోవాలంటే ఖోలీ వదులుకోవాలి, ఖోలీ కావాలంటే రేసు వదులుకోవాలి. బావ లెక్క అది.

"పోత బావా" అన్నాను. "తాళం చూస్తెనే కద ఖాళీ అని రాసుకునేది? నేను తాళమే వెయ్య."

"తలుపు తెర్సి పోతవా? దొంగలు పడరా?"

"సొంత బావనే ఎదురుంగ ఉన్నడు. ఇంక ఏ దొంగకు భయపడాలె?"

ఈసారి వరండా మొత్తం పడీపడీ నవ్వింది. బావ మిగతా సగం గడ్డం గీసుకోవడానికి వెళ్ళిపోయాడు.

ధైర్యమంతా తాళం వెయ్యకపోవడం మీదే పెట్టుకోలేదు నేను. మా నల్లాకు ఒక పద్ధతి ఉంది. మా అత్తల కాలం నుంచీ ఉంది. నీళ్ళు పొద్దున కాసేపే వస్తాయి. అందుకని ముందుగానే ఎవరి బిందె వాళ్ళు లైన్లో పెట్టుకుంటారు. బిందె లైన్లో ఉంటే మనిషి లైన్లో ఉన్నట్టే. దాన్ని ఎవరూ పక్కకు జరపకూడదు. జరిపితే ఆ రోజు కామాటిపురలో పెద్ద పంచాయితీ. నీళ్ళు వచ్చే వేళకు ఆ బిందె మనిషి రాకపోతే, వెనక బిందె ఎవరిదో వాళ్ళు ముందు దాన్ని నింపి, ఇంట్లో పెట్టి, తర్వాతే తమది నింపుకోవాలి. ఒంట్లో బాగాలేనివాళ్ళకూ, పురిటివాళ్ళకూ, డ్యూటీకి పోయినవాళ్ళకూ అందరికీ అలాగే నీళ్ళు అందాయి. లైన్లో బిందె ఉన్నంత వరకూ ఆ ఇంట్లో మనిషి లేదని ఎవరూ అనరు.

ప్రయాణం రోజు పొద్దున నా బిందె తీసుకెళ్ళి లైన్లో పెట్టాను. దాని మీద ఎర్ర రంగుతో 'శాంతాబాయి' అని నా పేరు. నా బిందె వెనక ఎప్పుడూ ఉండేది సపన బిందె. సపన అంటే మంగేష్ పెళ్ళాం, మా బావ కోడలు. మరాఠీ బడిలో చదివిన పిల్ల, తెలుగు సగం సగం వస్తుంది. ఎక్కువ మాట్లాడదు. నా ఖోలీ పోతే వచ్చేది ఆ పిల్లకే. ఇద్దరు చిన్న పిల్లలతో మామగారి మంచం పక్కన పడుకునే పిల్లకు ఒక తలుపున్న గది వస్తుందంటే చేదా?

సపన నా సంచి చూసింది, నా బిందె చూసింది, నా మొహం చూసింది.

నాకు భయం వేసింది. అబద్ధమెందుకు? ఆ పిల్ల తన బిందె కాలితో కొంచెం ముందుకు తోస్తే చాలు, నా పని అయిపోయినట్టే. తోయదని నమ్మడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అయినా పోయాను.

*

రేసు రోజు పొద్దున్నే గేటు తెరిచేసరికి మేము మలేషియాలో సెపాంగ్ రేసు ట్రాక్ దగ్గర ఉన్నాం. సంచి వెతికే అమ్మాయి నా స్టీలు చెంబు పైకెత్తి చూసి నవ్వింది. లోపల ఏమీ లేదు, ఖాళీ చెంబు. ఎందుకని సైగ చేసి అడిగింది. నేను కూర్చున్నట్టు చూపించాను. ఏం అర్థమైందో, పొమ్మంది.

పచ్చటి గడ్డి దిబ్బ. కింద ఇనుప జాలీ, జాలీ అవతల నల్లటి రోడ్డు, సరిగ్గా మా ముందే పెద్ద మలుపు. జాలీకి దగ్గరగా, చిన్న గుడారం నీడ పడే చోటు చూసి నా దుప్పటి పరిచాను. మధ్యలో చెంబు పెట్టాను. సీటు లేకపోతే ఏం? ఎవరైనా కుట్టిన సీటు మీద నా ఒళ్ళు సర్దుకోనక్కర్లేదు. ఎక్కడ చూపు ఆనుతుందో అక్కడే కూర్చోవచ్చు. ఆ నిమిషంలో నాకు కలిగిన గర్వం పెళ్ళినాడు కూడా కలగలేదు.

ఎండ ఎక్కింది. దిబ్బ నిండిపోయింది. రమేషూ శిరీషా తినడానికేమైనా తెస్తామని వెళ్ళి ఆ గుంపులో చిక్కుకున్నారు. నేను చెంబును అక్కడే పెట్టి కాలకృత్యాలకు వెళ్ళాను. అక్కడా లైనే. తిరిగొచ్చేసరికి నా దుప్పటి మడతపెట్టి ఉంది, నా చెంబు దారి పక్కన గడ్డిలో దొర్లి ఉంది. నా చోటులో మడత కుర్చీలు, ఐసు పెట్టె, టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, ఆయన భార్య, ఇంకో జంట. మన ముంబై వాళ్ళే. వాళ్ళ హిందీ విన్న వెంటనే తెలిసిపోయింది.

చెంబు ఎత్తుకున్నాను. అదే సమయానికి ఫోను మోగింది. అవతల మంగేష్.

"చిన్నమ్మా, రాసుకునేటోళ్ళు వచ్చిండ్రు. ఆదివారమైతె అందరు ఇంట్ల ఉంటరని ఇయ్యాలనే వచ్చిండ్రట. నాయన నీ ఖోలీ ముంగట నిలబడ్డడు. నన్నేం చెప్పమంటవు?"

"లైన్లో నా బిందె ఉన్నదా? చూసి చెప్పు."

వాడు వరండాలో నడుస్తున్న చప్పుడు వినిపించింది. నల్లా దాకా వెళ్ళినట్టున్నాడు.

"లేదు చిన్నమ్మా" అన్నాడు. "లైన్లో నీ బిందె లేదు."

ఒక్క క్షణం నాకు ఆ దిబ్బా, ఆ జనం ఏమీ కనపడలేదు. సపన మొహం కనపడింది. నా ఖోలీ తలుపు కనపడింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సముద్రం అవతల నిలబడి నేనేం చేయగలను?

"శాంతాబాయి బతికే ఉన్నదని చెప్పు" అన్నాను. "సచ్చిపోలే, ఊరిడిసి పోలే, రేసు చూస్తున్నదని చెప్పు. గట్టిగ చెప్పు, మీ నాయనకు గూడ ఇనబడాలె."

ఫోను కొంగులో కట్టుకుని టోపీ ఆయన వైపు తిరిగాను. పాపం, ఆయనకు తెలియదు తన మీదికి ఎవరెవరి వాటా కోపం వస్తోందో.

"ఇది నా జాగ" అన్నాను హిందీలో.

"ఆంటీజీ, యే జనరల్ హై. కిసీకా నామ్ నహీ లిఖా" అన్నాడు ఆయన కుర్చీలోంచి కదలకుండా. ఎవరి పేరూ రాసి లేదట.

"పేరు రాయలేదు. చెంబు పెట్టిన."

"చెంబు పెడితే జాగా మీదైపోతుందా?"

"అయితది. మా నల్లా కాడ చెంబు పెట్టినా, బిందె పెట్టినా మనిషి ఉన్నట్టే. నువ్వు చెంబు తీసిన అనుకుంటున్నవు. నువ్వు మనిషిని ఎత్తి దారిల పారేసినవు."

"ఏ నల్లా? ఇది మలేషియా ఆంటీ."

"అందుకనే మంచిగ చెప్తున్న. కామాటిపుర అయితె ఇట్ల చెప్పకపోతుంటి."

కామాటిపుర మాట వినగానే ఆయన భార్య నన్ను పైనుంచి కిందికి ఒక చూపు చూసింది. ఆ చూపు మాకు కొత్త కాదు. మా గల్లీ పేరు చెప్పగానే అందరికీ ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళే గుర్తొస్తారు. ఈ నగరం గోడలు ఎవరు కట్టారో, మా తాతలు ఏ రాళ్ళు మోశారో ఎవరికీ గుర్తు రాదు. మామూలుగా అయితే నాగ్‌పాడా అని చెప్పి తప్పించుకుంటాం. ఆ రోజు నేను మళ్ళీ, ఇంకా గట్టిగా, "అవును, కామాటిపుర" అన్నాను.

ఇంక మాటలు పెంచలేదు. నా చెంబు పొద్దున ఎక్కడ ఉందో అక్కడికి వెళ్ళాను. ఇప్పుడక్కడ ఐసు పెట్టె, ఆయన బూట్లు ఉన్నాయి. ఆ రెంటి నడుమ చెంబు పెట్టి, దాని పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆయన కాలు ముడుచుకోక తప్పలేదు. కాసేపటికి కుర్చీ కూడా వెనక్కి జరిగింది. పక్కన తలకు గుడ్డ చుట్టుకున్న ఒక ముసలామె, అక్కడి మనిషే, పొద్దున్నుంచీ అంతా చూస్తూనే ఉంది. నా చెంబు పక్కన తన గొడుగు తెచ్చి పెట్టి, నా వైపు చూసి తల ఊపింది. ఆమె చొక్కా నీలం రంగుది. మాకిద్దరికీ ఇంక భాషతో పనిపడలేదు.

అప్పుడు బండ్లు వచ్చాయి.

టీవీలో ఆ చప్పుడు చెవులకు వినిపిస్తుంది. అక్కడ అది రొమ్ములోకి దిగుతుంది, పళ్ళు కూడా వణుకుతాయి. ఒకదాని వెనక ఒకటి, కళ్ళు తిప్పేలోపు అన్నీ మలుపు దాటిపోయాయి. మా నీలం పిల్లగాడు మధ్యలో ఎక్కడో ఉన్నాడు. రెండో చుట్టు, మూడో చుట్టు. ఒక్కో చుట్టుకూ ఒకరిద్దరిని దాటుతున్నాడు. ముసలామె నా చెయ్యి పట్టుకుంది. రమేషూ శిరీషా ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డారో నాకు తెలియదు.

పడ్డాడు. సరిగ్గా నా కళ్ళ ముందు, ఆ మలుపులోనే. బండి గిర్రున తిరుగుతూ కంకరలోకి పోయింది, వాడు దొర్లుతూ దాని వెనకే పోయి బోర్లా పడ్డాడు. దిబ్బంతా 'అయ్యో' అన్నట్టు ఏదో అన్నది. వాడు కదల్లేదు.

నేను లేచి జాలీ పట్టుకున్నాను. "లే!" అని అరిచాను. "లే బిడ్డా! నా ఖోలీ పోతె పోయింది, నువ్వు లే! పండుకోకు, లే!"

వాడికి తెలుగు రాదు, నా మాట వినపడదు. నాకదేమీ పట్టలేదు. వాడు ముందు ఒక మోచేయి ఆనించాడు. తర్వాత మోకాలు. లేచి, తన వైపు చూసుకోకుండా, ఎప్పటిలాగే బండి దగ్గరికి పరిగెత్తాడు. ఒక పక్క విరిగి వేలాడుతున్న బండిని కంకరలోంచి తోసుకుంటూ రోడ్డెక్కించి, ఎక్కి, పోయాడు. అందరికన్నా వెనక. దిబ్బ మీద ప్రతి ఒక్కరూ లేచి నిలబడ్డారు. టోపీ ఆయన కూడా నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నేను జాలీకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాను. ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. చివరగా ఎవరు వచ్చారో మాత్రం తెలుసు.

*

తిరిగొచ్చిన పొద్దున గల్లీలో అడుగు పెట్టేసరికి నల్లాలో నీళ్ళు వస్తున్నాయి. నల్లా కింద ఎవరు పడుతున్నారో చూడకుండా, సంచితోనే లైను దగ్గరికి పోయాను. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాను. నా బిందె లేదు. సపన బిందె ఉంది. ముందు నా బిందె ఉండాల్సిన చోటు ఖాళీ.

బావ స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. "వచ్చినవా రేసుల రాణీ?" అన్నాడు. కానీ నా కళ్ళలోకి చూడలేదు. లోపల మంగేష్ సామాను ఉంటుంది, పిల్లల బట్టలు ఆరేసి ఉంటాయి, సరే, తిడదాం, కొడదాం, వరండాలో అడ్డంగా పడుకుందాం అనుకుంటూ పోయి నా తలుపు తోశాను.

లోపల నీళ్ళు.

నా వంట గిన్నెల నిండా నీళ్ళు. బకెట్టు నిండా, అన్నం తపేలా నిండా, పప్పు డబ్బా మూతలో కూడా. కడాయిలో నీళ్ళు, ఇస్త్రీ బట్టలు తడిపే మగ్గులో నీళ్ళు, చాయ్ గ్లాసుల వరుసలో నీళ్ళు. నా మొగుడి పాత ఇత్తడి చెంబులో నీళ్ళు. అడుగు పెట్టడానికి చోటు లేదు. అన్నిటి మీదా ప్లేటో, పాత పేపరో మూసి ఉంది.

"జరుగు చిన్నత్తా, బరువున్నది" అని వెనక నుంచి వినిపించింది. చంకలో బిందెతో సపన. ఎర్ర రంగుతో నా పేరున్న బిందె.

నేను పక్కకు జరిగాను. ఆ పిల్ల బిందె దించి, నడుము పట్టుకుని, "ఇంక దేంట్ల పొయ్యాలె? గిన్నెలు సంపలీ. అయిపోయినయి" అంది. "రోజు ఒక బిందె. వాడేటోళ్ళు లేరు. నేనేం చెయ్యాలె?"

"లైన్లో బిందె లేదన్నడు కద మంగేష్?"

"నింపి లోపల పెట్టిన. నిండిన బిందె లైన్ల ఎందుకుంటది చిన్నత్తా?"

ఇన్నేళ్ళు ఆ నల్లా దగ్గర బతికి, పొద్దున దాటాక లైన్లో ఎవరి బిందే ఉండదన్న సంగతి నాకు ఆ దిబ్బ మీద తోచలేదు. బండ్ల చప్పుడుకు నా బుర్ర కూడా దొర్లిపోయినట్టుంది.

"మరి రాసుకునేటోళ్ళు?"

"మామయ్య నోరు తెరిచే లోపల నేనే తలుపు తీసిన. చూడండ్రి అన్న. మనిషి లేకుంటె ఇన్ని నీళ్ళు ఎవరి కోసం అన్న. శాంతాబాయి అని రాసుకున్నరు." బిందె పక్కకు జరుపుతూ, "మామయ్య నాతోటి మాట్లాడుతలేడు" అంది.

గుమ్మంలోంచి చూస్తే బావ చాయ్ గ్లాసులోకే చూస్తున్నాడు.

"పిచ్చిదానా, ఖోలీ నీకే వచ్చేది కద?" అన్నాను.

సపన నన్ను చిత్రంగా చూసింది, నేనేదో నల్లా పద్ధతి తెలియని కొత్త కోడల్ని అన్నట్టు. "నీ బిందె వెనక నాది ఉన్నది. ముందటిది నింపకుండ నాదెట్ల నింపుత? రేపు నేను యాడికన్న పోతె?"

"యాడికి పోతవు?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. పమిట చెంగు మెలిపెడుతూ, "ఆ జనరల్ టిక్కెట్టుకు సీటు నంబరు ఉండదు కద? మనిషి పోతె చాలు కద?" అంది.

నేను ఆ పిల్లను దగ్గరికి లాక్కున్నాను. గిన్నెల మధ్య చోటు లేక ఇద్దరమూ పడబోయాం. ఒక తపేలా ఒలికి నీళ్ళు గడప దాటి వరండాలోకి పోయాయి, బావ చెప్పుల దాకా పోయాయి.

"అరే, ఏందిది!" అని బావ లేచి నిలబడ్డాడు. ఇదే సందు అనుకున్నాడేమో, కోపమంతా బయటికి తీశాడు. "అయిపోయింది కద నీ రేసు? బుద్ధి వచ్చిందా? ఇంక ఇంటి పట్టున కూసుంటవా, లేదా?"

"కూసోను బావా" అన్నాను. "ఇయ్యాల్టి సంది సపన, పిల్లలు నా ఖోలీల పండుకుంటరు. మంగేష్ వస్త అంటె వాడు గూడ. కాని ఖోలీ నాది, తాళం చెవి నాది. వచ్చే ఏడు రేసుకు మళ్ళ పోత. సపన గూడ వస్తది."

వరండాలో ప్రతి తలుపులోంచీ ఒక తల బయటికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"ఇద్దరు పోతె ఇక్కడ నీళ్ళెవరు పడుతరు?" అన్నాడు బావ.

ఖాళీ అయిన తపేలా పక్కన పెట్టి, కొత్తగా నింపిన నా బిందెను గడప మీదే బోర్లించేశాను. దాన్ని తీసుకెళ్ళి లైన్లో సపన బిందె ముందు పెట్టి, బావ వైపు తిరిగాను.

"నీ బిందె తెచ్చి మా వెనక పెట్టు బావా."